స్నానపు గదికి పిట్టగోడ



ఈ నెల నేను రాయబోయే సంగతి మన పత్రికలో మామూలుగా కనిపించేది కాదు. ఇంట్లో స్నానపు గది ఎట్లా కట్టుకోవాలి, దానికి ఏ బండ వేసుకోవాలి అనేదే విషయం. "అయ్యగారికి వాక్యం కరువైందా, బండల సంగతి మొదలుపెట్టారు?" అని మీలో కొందరైనా అనుకుంటారు. నేను కూడా అట్లే అనుకొని రెండు నెలలు కలం పక్కన పెట్టాను. అయితే మా ఇంట్లో జరిగింది ఇంకొక ఇంట్లో జరగకూడదని నా భార్య పట్టుబట్టి రాయమన్నది గనుక రాస్తున్నాను.

సంగారెడ్డి మొదలుకొని పటాన్‌చెరు, రామచంద్రాపురం దాకా మన విశ్వాసుల కుటుంబాలు కొన్నేళ్ళుగా పాత పెంకుటిండ్లు తీసేసి స్లాబు ఇండ్లు కట్టుకుంటున్నాయి. ఫ్యాక్టరీలో ఇరవై ముప్ఫై ఏండ్లు షిఫ్టులు చేసి, చివరికి చేతికొచ్చిన డబ్బంతా గోడల్లో పోసేవారు కొందరు. రోడ్డు పక్కన ఉన్న అరెకరం అమ్ముకొని కట్టేవారు కొందరు. దేవునికి స్తోత్రం. గృహప్రతిష్ఠకు పిలిచినప్పుడు ఇంటాయన నన్ను గది గదికీ తిప్పుతాడు. హాల్లో ఒక ప్రార్థన, పడక గదుల్లో ఒకటి, వంటింట్లో బియ్యం డబ్బా మీద చేయి పెట్టి ఒకటి. స్నానపు గది దగ్గరికి వచ్చేసరికి తలుపు తీసి, లైటు వేసి, "ఇది బాత్రూం అయ్యగారూ" అని చెప్పి గబుక్కున మూసేస్తాడు. నేనూ తల ఊపి ముందుకు నడుస్తాను. పద్దెనిమిదేళ్ళ సేవలో ఎన్ని ఇండ్లు ప్రతిష్ఠించానో లెక్క లేదు గానీ, స్నానపు గదిలో నిలబడి ప్రార్థన చేసింది ఒక్కసారి కూడా లేదు.

ఆ అలవాటును ఒక ముసలమ్మ మాన్పించింది. సంగారెడ్డికి అవతల ఒక చిన్న ఊళ్ళో ప్రతిష్ఠ ప్రార్థన. ఇంటాయన యథాప్రకారం బాత్రూం తలుపు మూయబోతుంటే, కర్ర పట్టుకొని వెనకాలే వస్తున్న ఆయన తల్లి, "అయ్యగారూ, ఇక్కడ గూడ జర ప్రార్థన చేయరాదుండ్రి" అన్నది. చుట్టూ ఉన్న ఆడపిల్లలు కిసుక్కున నవ్వారు. కొడుకు సిగ్గుపడి, "అమ్మా, నువ్వు ఊకో" అన్నాడు. ఆమె ఊకోలేదు. "మీకేం ఎరుక బిడ్డా. యాభై ఏండ్లు తెల్లారకముందే లేచి తడిక చాటున తానం చేసిన. ఎవరన్న వస్తున్నరేమోనని ఒక చెవి బాట దిక్కే ఉండేది. ఒంటి మీద రెండు చెంబుల నీళ్ళు నిమ్మళంగ పోసుకున్నది లేదు. ఇయ్యాల నాకు దేవుడు గొళ్ళెం ఇచ్చిండు" అన్నది.

గొళ్ళెం ఇచ్చిండు అన్న ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. నవ్విన పిల్లలు కూడా మౌనమయ్యారు. ఆ గదిలోకి వెళ్ళి, చెప్పులు లేకుండా ఆ బండల మీద నిలబడి, నాకు వచ్చిన మాటలతో ప్రార్థించాను. ఆ ముసలమ్మ గట్టిగా ఆమెన్ చెప్పింది.

సందర్భం వచ్చింది గనుక ఇంకొక సంగతి చెప్పి ముందుకు పోతాను. కొన్నేళ్ళ క్రితం నేను దావీదు, బత్షెబల వృత్తాంతం (2 సమూ. 11) మీద ప్రసంగిస్తూ, స్త్రీలు జాగ్రత్తగా ఉండాలన్నట్టు రెండు ముక్కలు అన్నాను. ఆరాధన అయ్యాక, కూలి పనికి పోయే ఒక సహోదరి దగ్గరికి వచ్చి, నెమ్మదిగానే అడిగింది: "అయ్యగారూ, ఆమెకు బాత్రూం లేకుంటే ఆమె ఏం చేస్తది? చూసినోనిది కదా తప్పు?" నాతాను ప్రవక్త వచ్చినప్పుడు వేలు చూపింది రాజు వైపే. థియాలజీ డిప్లొమా ఉన్న నాకు ఆ మాట ఆమె చెప్పవలసి వచ్చింది. ఆ వాక్యభాగం మీద మళ్ళీ అట్లా ప్రసంగించలేదు.

ఆ ప్రతిష్ఠ జరిగిన రోజుల్లోనే మా తమ్ముడు మా సొంత ఊళ్ళో ఇల్లు కడుతున్నాడు. నేను పాస్టరేటు నుండి పాస్టరేటుకు తిరిగేవాణ్ణి గనుక అమ్మ తమ్ముడి దగ్గరే ఉంటుంది. తమ్ముడు పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో పని. అమ్మ కూడా ఆ ముసలమ్మ తరంలోనిదే. మా పాత ఇంటి వెనక, వేపచెట్టు కింద ఒక రాతి బండ ఉండేది. మా నాయన పెండ్లైన కొత్తలో వడ్డెర వాళ్ళ దగ్గర కొట్టించి, ఎడ్లబండి మీద తెచ్చి వేసినదట. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, మీద ఉలి దెబ్బలు. చుట్టూ తాటాకు తడిక, ఒకవైపు పాత చీర. అమ్మ స్నానం అక్కడే, మా స్నానాలు అక్కడే, బట్టలుతకడం అక్కడే. వాన పడితే తడిక ఒరిగేది. నేను ఆ ప్రతిష్ఠ నుండి తిన్నగా తమ్ముడి దగ్గరికి వెళ్ళి, "తమ్మీ, ఇంట్లో ఏ గది ఎట్లున్నా సరే, అమ్మ బాత్రూం మాత్రం అన్నిటికన్నా మంచిగుండాలె" అన్నాను. వాడు సంతోషంగా ఒప్పుకున్నాడు.

మా పొరపాటు అక్కడే జరిగింది. మంచిది అంటే మెరిసేది అనుకున్నాం మేమిద్దరం.

బొంబాయి రోడ్డు పక్కన బండల దుకాణాలు మీరు చూసే ఉంటారు. పలకలన్నీ నిలువుగా వరసగా పెట్టి ఉంటాయి. మేము వెళ్ళిన చోట, దుకాణదారుడు నల్ల గ్రానైటు పలక మీద నీళ్ళు చల్లి గుడ్డతో తుడిచాడు. మా ఇద్దరి ముఖాలూ అందులో కనబడ్డాయి. తమ్ముడు ఇక వేరే రాయి చూడలేదు. పక్కన ఉన్న తాండూరు బండ చూపిస్తే, "అది పశువుల కొట్టంలో వేసేది కదా అన్నా" అన్నాడు. నేను కాస్త సందేహిస్తే, "మెదక్ చర్చిలో నేల చూడలేదా? వందేండ్ల సంది మెరుస్తనే ఉంది. దేవుని మందిరానికి మెరుపు ఉండొచ్చు గానీ అమ్మ తానం చేసే తావుకు ఉండకూడదా?" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. పాస్నెట్ దొరగారు కట్టించిన ఆ మందిరం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది, దాని నేల పలకలు ఇంగ్లండు నుండి ఓడ మీద వచ్చినవి, చిన్నప్పటి నుండి మేము క్రిస్మస్‌కు పోయి నోరు తెరుచుకొని చూసినవి. జవాబు తర్వాత తట్టింది. ఆ నేల మీద చెప్పులు విడిచి, నెమ్మదిగా, పొడి పాదాలతో నడుస్తాం. అక్కడ ఎవరూ సబ్బునీళ్ళు పారబోయరు.

బండలు వేశారు. నేల నలుపు, గోడ నలుపు, ట్యాపులు వెండిలా. ఊళ్ళో వాళ్ళు వచ్చి చూసిపోయేవారు. అమ్మ మాత్రం గడప దగ్గర నిలబడి కాలి బొటనవేలితో నేలను తాకి, "గిది అద్దం లెక్కుంది కొడుకా, కాలు నిలుస్తదా?" అన్నది. మేము నవ్వాం. ఆ రోజే ఆ గదిలో నిలబడి ప్రార్థన కూడా చేశాను. ప్రార్థన చేసిన మనిషిని నేల వైపు చూడలేదు.

నలభై రోజులు కూడా కాలేదు. తమ్ముడు మొదటి షిఫ్టుకు పోయాడు. అమ్మ స్నానానికి వెళ్ళింది. సబ్బు నురగ పడిన చోట కాలు పెట్టింది. పడిపోతూ చేతికందిన టవల్ రాడ్డు పట్టుకుంటే, అది స్క్రూలతో సహా ఊడి చేతిలోకి వచ్చింది. మా మరదలు శబ్దం విని పరుగెత్తితే తలుపు తెరుచుకోలేదు. గొళ్ళెం కాదు. అమ్మ గొళ్ళెం వేసుకోలేదు, ఇంకా అలవాటు కాలేదు. తలుపు లోపలికి తెరుచుకునేది, అమ్మ దానికి అడ్డంగా పడి ఉంది. తోస్తే అమ్మకే తగులుతుంది. అరుపులు విని వాడకట్టు మగవాళ్ళు వచ్చారు. అమ్మ లోపలి నుండి, అంత నొప్పిలో కూడా, "మగోళ్ళు రావద్దు, మగోళ్ళు రావద్దు" అని ఏడ్చిందట. మరదలు కొద్దికొద్దిగా తోసి, సందులో నుండి చీర విసిరి, ఎట్లాగో తాను దూరింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. మూడు నెలలు మంచం మీదే.

ఆ మూడు నెలలూ మరదలు అమ్మకు మంచం మీదే ఒళ్ళు తుడిచేది. ప్రభువు నడుముకు తువాలు కట్టుకొని శిష్యుల పాదాలు కడిగిన సంగతి (యోహాను 13) నేను ప్రతి మంచి శుక్రవారం వారంలో బోధిస్తాను. ఆమె రోజూ పొద్దున గోరువెచ్చని నీళ్ళ గిన్నెతో గదిలోకి పోవడం చూస్తుంటే నాకు బోధించడానికేమీ మిగలలేదు.

ఆస్పత్రి వరండాలో కూర్చొని ఒక రాత్రి ద్వితీయోపదేశకాండం చదువుతున్నాను. 22వ అధ్యాయం 8వ వచనం దగ్గర ఆగిపోయాను. మీరందరూ మీ బైబిలు తీసి చదవండి. కొత్త ఇల్లు కట్టేవాడు డాబాకు చుట్టూ పిట్టగోడ కట్టాలని, లేకుంటే ఎవరైనా పడితే ఆ దోషం ఆ ఇంటి మీదికి వస్తుందని దేవుడు ఇశ్రాయేలీయులకు ఇచ్చిన ఆజ్ఞ అది. ఆ దేశంలో మనుషులు డాబా మీద పడుకునేవారు, ప్రార్థించేవారు, ధాన్యం ఆరబోసేవారు. పడే ప్రమాదం అక్కడ ఉంది గనుక ఆజ్ఞ అక్కడికి వచ్చింది. మన ఇండ్లలో ముసలివాళ్ళు పడేది డాబా మీద నుండి కాదు. ఆ వచనాన్ని నేను సంఘ క్రమశిక్షణ గురించి, పిల్లల పెంపకం గురించి ఆత్మీయార్థంలో ఎన్నోసార్లు వాడాను. అది ఇల్లు కట్టే మనిషికి చెప్పిన ఇంటి మాట అని ఆ రాత్రి వరకు తోచలేదు. పడినవాడిది అజాగ్రత్త అని ధర్మశాస్త్రం అనలేదు. కట్టినవాడిని అడిగింది.

ఇప్పుడు, ప్రియులారా, మేము మళ్ళీ ఎట్లా కట్టామో చెప్పాలి. ఈసారి దుకాణానికి పోకముందు ఒక ముసలి మేస్త్రిని ఇంటికి పిలిచాం. ఆయన మొదట అడిగిన మాట, "బాత్రూం ఎవరికి?" అని. ఇంతకుముందు మమ్మల్ని ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. అమ్మ ఎత్తెంత, ఏ చేయి బలం, కన్ను ఎట్లా ఉంది అని కూడా అడిగాడు. అమ్మకు ఒక కంటికే శుక్లం ఆపరేషన్ అయింది. "నల్ల నేల, నల్ల గోడ. తడిస్తే ఎక్కడ గోడ లేస్తదో, ఎక్కడ గడప ఉందో ఆమెకు ఏం తెలుస్తది?" అన్నాడు.

నేలకు తాండూరు బండ తెమ్మన్నాడు. పాలిష్ పట్టనిది. మన తాతల కాలం నుండి షాబాదు బండ అని పిలిచేది ఇటువంటిదే. తాండూరు మన వికారాబాద్ జిల్లాలో, షాబాదు కర్ణాటకలో కలబురగి జిల్లాలో ఉన్నాయి గానీ రెండు చోట్లా దొరికేది ఒకే జాతి సున్నపురాయి. అది పుస్తకం పేజీల్లాగ పొరలు పొరలుగా ఉంటుంది. గడ్డపారతో, ఉలితో పొర పట్టి లేపితే పలక వస్తుంది. అందుకే పైభాగం సమంగా ఉంటూనే సన్నని గరుకు ఉంటుంది. ఆ గరుకును మిషన్ మీద పెట్టి అరగదీస్తే మెరుపు వస్తుంది, పట్టు పోతుంది. నీలం రంగు ఒకటి, పసుపు రంగు ఒకటి దొరుకుతాయి. మేము నేలకు నీలం వేసి, గడప దగ్గరా గోడ అంచు వెంబడీ జానెడు వెడల్పు పసుపు పట్టీ వేశాం. అమ్మ కంటికి గడప కనబడాలని వేసింది. తీరా చూస్తే, గది అందమంతా ఆ పట్టీలోనే ఉంది. ఖర్చు సంగతంటారా, ఆ నల్ల గ్రానైటుకు చదరపుటడుగుకు పెట్టిన దానిలో నాలుగోవంతు కూడా కాలేదు.

పీకిన గ్రానైటును పారేయలేదు. పగలకుండా వచ్చిన పలకలను నడుమెత్తు వరకు గోడకే పెట్టించాం. గోడకు మెరుపు ఉండొచ్చు, గోడ మీద ఎవరూ నడవరు. పగిలిన ముక్కలతో గోడలో రెండు గూళ్ళకు అరలు చేయించాం, ఒకటి సబ్బుకు, ఒకటి పొడి బట్టలకు. గ్రానైటు కోసేటప్పుడు మేస్త్రి దగ్గర ఉండే కుర్రవాడు ముక్కుకు గుడ్డ కూడా కట్టుకోకుండా పొడి మిషన్‌తో కోయబోతే ముసలాయన కేకలేసి ఆపాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంటే తిరిగి రాదు. నీళ్ళు పోస్తూ కోస్తే దుమ్ము లేవదు. మన ఇంటి అందం కోసం ఇంకొక ఇంటి బిడ్డ ఊపిరి పోకూడదు గనుక, మీ ఇంట్లో పని జరిగేటప్పుడు మీరు కూడా అది చూసుకోండి.

రెండడుగుల పెద్ద పలకలు స్నానపు గదికి పనికిరావని ఆయనే చెప్పాడు. నీళ్ళు నాలుగు వైపుల నుండి నాని ట్రాప్ వైపు పారాలంటే నేల వాలుగా ఉండాలి, పెద్ద పలకను నాలుగు వైపులా వంచలేం. అడుగు పలకలు, ఇంకా చిన్నవి అయితే వాలు చక్కగా కుదురుతుంది, పైగా సందులు ఎక్కువై కాలికి పట్టు దొరుకుతుంది. నాలుగైదు అడుగులకు అంగుళం వాలు చాలు. అంతకన్నా ఎక్కువైతే ముసలివాళ్ళకు కాలు ఒరిగిపోతుంది, తక్కువైతే నీళ్ళు నిలిచి పాచి పడుతుంది. పాచి పడితే గరుకు బండ కూడా జారుతుంది, ఆ మాట మరిచిపోవద్దు. బండలు వేయకముందే నేలలో నీళ్ళు నింపి ఒక రోజంతా నిలబెట్టి, కింద గోడలకు చెమ్మ దిగుతుందేమో చూశాడు. మొదటిసారి కట్టినప్పుడు ఈ పరీక్ష ఎవరూ చేయలేదు.

తలుపు బయటికి తెరుచుకునేటట్టు మార్చాం. ఇది మీరు ఈ నెలలోనే చేయించుకోగలిగిన పని, వడ్రంగికి అరపూట పని. లోపల గొళ్ళెం ఉంది, బయట నుండి నాణెంతో తిప్పితే వచ్చే రకం. చక్రాల కుర్చీ పట్టేటట్టు దర్వాజా మూడడుగులు చేశాం. పట్టుకునే స్టీలు కడ్డీలు రెండు, నేల నుండి మూడడుగుల కన్నా కొంచెం తక్కువ ఎత్తులో, గోడలో కాంక్రీటు పోసి బిగించినవి. బిగించాక మేస్త్రి తన బరువంతా వేసి వేలాడి చూపించాడు. టవల్ రాడ్డు టవల్ కోసమే, మనిషి కోసం కాదు.

ఇక నీళ్ళ విషయం. మన ప్రాంతపు బోరు నీళ్ళు ఎటువంటివో మీకు తెలుసు. నక్కవాగు ఒకప్పుడు ఏమైపోయిందో, 1990లో ఆ కాలుష్యం వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా ఎందుకు పోయిందో పెద్దవాళ్ళకు జ్ఞాపకమే. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో మొదలైన మిషన్ భగీరథ నల్లాలు ఊళ్ళలోకి వచ్చినా, స్నానానికీ కడగడానికీ చాలా ఇండ్లలో ఇంకా బోరే. ఆ నీళ్ళు ఆరితే బండ మీద తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. అప్పుడు మనవాళ్ళు చేసే పని, కిరాణా దుకాణంలో యాసిడ్ సీసా తెచ్చి పోయడం. తాండూరు బండ సున్నపురాయి గనుక యాసిడ్ పడగానే బుసబుసమని పొంగుతుంది. ఆ పొంగేది మురికి కాదు, మీ బండే కరుగుతోంది. నమ్మకపోతే మిగిలిన ముక్క మీద రెండు చుక్కలు వేసి చూడండి. పాలరాయికీ అంతే. గ్రానైటు తట్టుకుంటుంది గానీ సందుల్లోని సిమెంటు తట్టుకోదు. యాసిడ్‌లో బ్లీచింగ్ పౌడరు కలిపితే విషవాయువు లేస్తుంది, తలుపులు మూసిన చిన్న గదిలో అది ప్రాణాల మీదికి తెస్తుంది. సబ్బునీళ్ళు, బ్రష్షు, కడిగాక ఒక పొడిగుడ్డ. రోజూ చివర స్నానం చేసినవారు నేల మీది నీళ్ళు వైపరుతో లాగేస్తే ఉప్పూ పేరుకోదు, పాచీ పట్టదు. మా ఇంట్లో ఆ పని తమ్ముడి కొడుక్కి అప్పజెప్పాం, చేయని రోజు వాడికి టీవీ లేదు. పసుపు, నూనె మరకలు ఈ బండలో ఇంకుతాయి గనుక వేసిన కొత్తలోనే సీలర్ ఒక పూత వేయించాం.

గ్యాస్ గీజరు పెట్టుకునేవారు గాలి ఆడని గదిలో పెట్టుకోవద్దు, దాని పొగకు వాసన ఉండదు, మనిషి స్నానం చేస్తూనే స్పృహ తప్పుతాడు. మాకు గీజరు లేదు. మరదలు ఇప్పటికీ కాగులోనే నీళ్ళు కాస్తుంది.

సెప్టిక్ ట్యాంకు గురించి ఒకే మాట. అది నిండినప్పుడు రక్షణ సామగ్రి, జాగ్రత్తలు లేకుండా మనిషిని లోపలికి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. మన సంఘాల్లో ఎన్ని కుటుంబాల తాతలు ఆ పనికి చేతులు పెట్టవలసి వచ్చిందో నేను చెప్పనక్కరలేదు. బండి పైపు వచ్చి పీల్చేందుకు దారి వదిలి ట్యాంకు కట్టుకోండి.

అన్నీ అయ్యాక మేస్త్రి గది మధ్యలో నిలబడి, "కూర్చోవడానికి ఏం పెడదాం?" అన్నాడు. ప్లాస్టిక్ కుర్చీ అన్నాడు తమ్ముడు. తడి నేల మీద దాని కాళ్ళు జరుగుతాయి అన్నాడాయన. అప్పుడు మంచం మీద నుండి అమ్మ పిలిచి, "ఎనుక యాపచెట్టు కింద నాయిన బండ ఉంది కదరా, అది ఏం చేసిండ్రు?" అని అడిగింది.

అది అక్కడే ఉంది. ఇల్లు కట్టేటప్పుడు ఇసుక కుప్ప కింద పడిపోయింది. నలుగురం కలిసి గడ్డపారలతో లేపి కడిగాం. యాభై ఏండ్లు నీళ్ళు పడి అంచులు గుండ్రమయ్యాయి, ఉలి దెబ్బలు మాత్రం వేలితో తడిమితే ఇంకా తగులుతున్నాయి. తడిపి, సబ్బు రాసి, నేనే ఎక్కి నిలబడి చూశాను. కాలు కదల్లేదు. కొన్ని చోట్ల మరీ నున్నబడితే, ఇసుర్రాయికి గంట్లు పెట్టినట్టు మేస్త్రి సన్న ఉలితో గంట్లు పెట్టాడు. ఇటుకల దిమ్మ కట్టి, అడుగున్నర ఎత్తున, కడ్డీ చేతికందే చోట దాన్ని బిగించాం. పక్కన ఇంకొక మనిషి నిలబడి నీళ్ళు పోయడానికి చోటు వదిలాం. తూర్పు వైపు ఎత్తున వెంటిలేటరు ఉంది. పొద్దున ఏడింటికి ఎండ వచ్చి సరిగ్గా ఆ బండ మీద పడుతుంది. అది మేము అనుకొని చేసింది కాదు.

తమ్ముడి స్నేహితులు వచ్చి చూసి, ఏ డిజైనరు చేశాడని అడుగుతున్నారు.

అమ్మ వాకరు పట్టుకొని లేచాక, మొదట కొన్ని వారాలు మరదలే స్నానం చేయించింది. తర్వాత ఒక రోజు అమ్మ, "ఇయ్యాల నేనే చేస్త" అన్నది. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. తలుపు వేసుకుంది. గొళ్ళెం పడిన చప్పుడు వినబడింది. మేము ముగ్గురం హాల్లో కూర్చున్నాం, ఎవరం మాట్లాడలేదు. చెంబు చప్పుడు, నీళ్ళ చప్పుడు. పావుగంట అయింది, అరగంట అయింది. నీళ్ళ చప్పుడు ఆగింది. మరదలు ఉండలేక వెళ్ళి తలుపు మీద వేలితో కొట్టి, "అత్తమ్మా, మంచిగనే ఉన్నవా?" అని అడిగింది.

"మంచిగనే ఉన్న బిడ్డా" అన్నది అమ్మ లోపలి నుండి. "ఎండ వస్తుంది. ఇంక జర సేపు కూసోనియ్యుండ్రి."